తలలు మట్టంగా నిలిపిన రాళ్లు

ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో బోడ్మిన్ మూర్ అనే ఎత్తైన బీడు ప్రాంతం ఉంది. అక్కడ మినియన్స్ అనే పల్లె దాటి కాస్త నడిస్తే మూడు పెద్ద రాతి వలయాలు దాదాపు ఒకే వరసలో కనిపిస్తాయి. వాటి పేరు హర్లర్స్. ఆదివారం ప్రార్థన మానేసి హర్లింగ్ అనే బంతాట ఆడినవాళ్లు శాపం తగిలి రాళ్లయిపోయారని అక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకునే కథ.

కథ బాగుంది. ఆ రాళ్లను నిలిపినవాళ్ల పనితనం అంతకన్నా గొప్పది. సుమారు 4,000 ఏళ్ల కిందట, ఇనుప ఉలి ఎరగని కాలంలో, గ్రానైట్‌ను రాతితోనే కొట్టి కొట్టి నునుపు చేశారు. అలా రాలిన పొట్టునూ పారేయలేదు, వలయాల లోపల పరిచారు. 1930లలో తవ్వినప్పుడు అది బయటపడింది. ఇంకో విశేషం: రాళ్లన్నీ ఒకే పొడుగువి కావు. అందుకని పొడుగు రాయికి లోతైన గుంట, పొట్టి రాయికి తక్కువ లోతు గుంట తీసి, పైన తలలన్నీ ఒక మట్టానికి తెచ్చారు. నడిమి వలయం అడ్డకొలత 40 మీటర్లకు పైనే. అంత వెడల్పున ఆ మట్టం కుదరాలంటే ఎంత ఓపిక కావాలో ఇల్లు కట్టించినవాళ్లెవరికైనా తెలుస్తుంది. రెండు వలయాల మధ్య మట్టి కింద రాళ్లు పరిచిన బాట కూడా ఉంది. 2013లో దాన్ని మళ్లీ తెరిచి చూశారు.

ఇప్పుడు బీడు కదా అని అప్పుడూ నిర్జనమే అనుకోకూడదు. అడవి కొట్టి, పశువులు మేపుకుంటూ జనం అక్కడ బతికారు. వాళ్ల ఇళ్ల పునాదులు, చేల గట్లు ఆ మూర్ మీద నేటికీ కనిపిస్తాయి. కలిగినవాళ్లూ ఉండేవారు. దగ్గరలోని రిల్లటన్ సమాధి దిబ్బలో 1837లో కూలీలకు బంగారు గిన్నె దొరికింది. చిన్నదే, అరచేతిలో ఇమిడేంత. రాజకుటుంబం చేతికి వెళ్లిన ఆ గిన్నె ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారికి ఒక మాట. హర్లర్స్‌కు టికెట్ లేదు. వెళితే ఫొటోలకు ముందు వలయం మధ్య నిలబడి రాళ్ల తలల మట్టం ఒకసారి చుట్టూ చూడండి.