సింగరేణి ధూళి, చట్టం మౌనం

ఇల్లందు సమీపాన 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు పొరలను గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆసిఫాబాద్ నుండి ఖమ్మం వరకు ఆరు జిల్లాలలో విస్తరించి, 2023-24లో ఏడు కోట్ల టన్నుల బొగ్గును వెలికితీసిన ఈ సంస్థలో నేడు రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉంది. ఈ చివరి లెక్కను పాఠకులు మనసులో ఉంచుకోవాలని కోరుతున్నాము. మేము చెప్పబోయేది చాలావరకు దాని చుట్టూనే తిరుగుతుంది.

మన తాతల కాలంలో బొగ్గు గని అంటే భూగర్భ గనియే. తట్టా చెమ్మసూ పట్టుకొని చీకటిలోకి దిగినవారి నెత్తినే ప్రమాదం ఉండేది. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్ఈపీ గనిని నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయిన దుర్ఘటనను ఆ ప్రాంతపు కుటుంబాలు నేటికీ మరువలేదు. ఇప్పుడు సింగరేణి ఉత్పత్తిలో భూగర్భ గనుల వాటా బహు స్వల్పం. మిగిలినదంతా ఓపెన్‌కాస్టు గనులదే. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న ఉద్యోగులు ఈనాడు దాదాపు నలభై వేలు. ఉత్పత్తి మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. అంటే జీతం అందుకునే ఇళ్ళు తగ్గాయి, దుమ్ము పీల్చే ఇళ్ళు పెరిగాయి. గని వల్ల కలిగే నష్టం, గని నుండి ఒక్క రూపాయి జీతం ఎరుగని వారి గడప తొక్కింది.

ఓపెన్‌కాస్టు అంటే బొగ్గు పొర మీద ఉన్న సమస్తాన్నీ తొలగించడం. అడవి, చెలక, చెరువు, ఊరు, ఏది ఉన్నా సరే. ఒక టన్ను బొగ్గు కోసం సగటున ఐదు ఘనపు మీటర్లకు పైగా మట్టిని, రాతిని పేల్చి, తవ్వి, డంపర్లతో ఎత్తిపోయాలి. గోదావరిఖని, మణుగూరు, భూపాలపల్లి దారుల్లో కనిపించే గుట్టలలో ఎన్నో దేవుడు సృష్టించిన గుట్టలు కావు, మనిషి పోసిన మట్టి కుప్పలు. వర్షాకాలంలో ఆ మట్టి జారి వాగులలో, పొలాలలో మేట వేస్తుంది. గని గుంత ఊరి బావులకన్నా ఎంతో లోతు గనుక చుట్టుపక్కల భూగర్భ జలం అటువైపే ఊరుతుంది. గనిలోకి చేరిన ఆ నీటిని మోటార్లతో తోడి బయటకు పారబోస్తారు. బావి ఎండిపోయిన రైతుకు గని అంచున నీటి ధార కనిపిస్తూనే ఉంటుంది. దీనిని ఏమనాలో పాఠకులకే విడిచిపెడుతున్నాము.

ఇక ఇంటి సంగతి. బొగ్గు ప్రాంతంలో ఇల్లాలికి రోజుకు ఒక్కసారి ఊడిస్తే చాలదు. నీళ్ళ బిందె మీద మూత, ఆరవేసిన బట్టల మీద నల్లని పొర, మధ్యాహ్నం బ్లాస్టింగుకు అదిరే గోడలు ఆమె దినచర్యలో భాగాలు. ఇంటి గోడలు బీటలు వారుతున్నాయని సత్తుపల్లి వాసులు ఏళ్ళ తరబడి మొరపెట్టుకుంటున్నారు. గనిలో పనిచేసే కార్మికునికి ఐదేళ్ళకు ఒకసారి వైద్యపరీక్ష జరపాలని గనుల నిబంధనలు చెబుతున్నాయి. బొగ్గు ధూళి ఊపిరితిత్తులలో పేరుకుంటే వచ్చే వ్యాధికి నష్టపరిహారం పొందే హక్కు కూడా అతనికి ఉంది. అదే ధూళిని గని కంచె ఇవతల పీల్చే అతని భార్యకు, బడికి వెళ్ళే బిడ్డకు అటువంటి పరీక్ష లేదు. వారి ఊపిరితిత్తులు ఏ రిజిస్టరులోనూ నమోదు కావు.

ఊరికి ఊరే లేవవలసి వస్తే? 1957 నాటి బొగ్గు భూముల చట్టం కింద సేకరణ జరిగితే 2013 భూసేకరణ చట్టంలోని పరిహారం, పునరావాస నియమాలు వర్తిస్తాయి గాని, సామాజిక ప్రభావ అంచనా తప్పనిసరి కాదు. ఇంటికి వెల కట్టవచ్చు, పొలానికి కట్టవచ్చు. మసీదును కొత్త కాలనీలో మళ్ళీ కట్టుకోవచ్చు. ఖబరస్తాన్‌ను ఎలా తరలిస్తారు? అక్కడ ఉన్న పెద్దల కోసం దుఆ చేయడానికి వెళ్ళే దారి కూడా గని హద్దులోకి పోతుంది. పరిహారపు పట్టికలో ఈ నష్టానికి గడి లేదు.

ఇన్నిటికీ చట్టాలు లేవా? ఉన్నాయి, పుష్కలంగా ఉన్నాయి. లోపం వాటి నిర్మాణంలోనే ఉంది. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఆ అంచనా నివేదికను తయారు చేసేది గని సంస్థ డబ్బిచ్చి నియమించుకున్న సలహాదారు. అనుమతి వచ్చాక షరతులను పాటిస్తున్నామని ఆరు నెలలకొకసారి నివేదిక పంపేది మళ్ళీ ఆ సంస్థే. పరీక్ష రాసినవాడే మార్కులు వేసుకున్నట్టు! నిఘా ఉంచవలసిన కాలుష్య నియంత్రణ మండలి అధ్యక్షుణ్ణి రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. 1974 నీటి కాలుష్య నివారణ చట్టమైతే ప్రభుత్వ రంగ సంస్థల ప్రతినిధులకు ఆ మండలిలో రెండు స్థానాలు కేటాయించింది. రాయల్టీ అందుకునేది, లాభంలో వాటా తీసుకునేది, తనిఖీ చేసేవారిని నియమించేది ఒకే ప్రభుత్వమైనప్పుడు కంచెకూ చేనుకూ తేడా ఎక్కడుంటుంది?

శిక్షల మాటకు వస్తే, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని ఉల్లంఘించిన వారికి గతంలో ఐదేళ్ళ వరకు జైలుశిక్ష ఉండేది. 2023లో వచ్చిన జన విశ్వాస్ చట్టం దానిని తొలగించి, పది వేల నుండి పదిహేను లక్షల రూపాయల జరిమానాగా మార్చింది. ఏటా వేల కోట్ల వ్యాపారం చేసే సంస్థలకు పదిహేను లక్షలు భయమా, ఖర్చు పద్దులో ఒక వరుసా?

తవ్వకం ముగిసిన నేలను బాగుచేయడానికి హెక్టారుకు 6 లక్షల రూపాయల లెక్కన ప్రత్యేక ఖాతాలో సొమ్ము జమ చేయాలని 2009లో కేంద్ర బొగ్గు శాఖ ఓపెన్‌కాస్టు గనులకు విధించింది. మంచి నిబంధనే. కాని మట్టి కుప్ప మీద వరుసగా నాటిన మొక్కలను అడవి అని లెక్క రాసుకోవడం మాకు సమ్మతం కాదు. ఇప్పచెట్టు కింద ఏరుకున్న ఆదివాసీ కుటుంబానికి ఆ తోపులో ఏరుకోవడానికి ఏమీ ఉండదు.

ప్రైవేటు చేతుల్లో ఉన్నచోట పరిస్థితి మెరుగని ఎవరూ అనుకోనక్కరలేదు. మేఘాలయలో ఎలుక బొరియల వంటి గనులను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014లో నిషేధించింది. అయినా 2018 డిసెంబరులో క్సాన్ వద్ద అటువంటి గనిలోకి నీరు చేరి 15 మంది చిక్కుకుపోయారు.

రేపే గనులన్నీ మూసివేయాలని మేము అనడం లేదు. మా ఇంటి దీపం కూడా ఆ బొగ్గుతోనే వెలుగుతున్నది. మేము అడిగేది కొలిచే చేయి వేరు, తవ్వే చేయి వేరు కావాలని.

అంతవరకు ప్రజలకు ఉన్న ఒక ద్వారం ప్రజాభిప్రాయ సేకరణ సభ. దానికి 30 రోజుల ముందు పత్రికలలో ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశాన్ని తెలుగులో కూడా అందుబాటులో ఉంచాలి. సభ మొత్తాన్ని వీడియో తీయాలి, చివరన కార్యక్రమ వివరాలను అందరికీ అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. స్త్రీలు సైతం లేచి మాట్లాడవచ్చు, రాలేనివారు రాతపూర్వకంగా పంపవచ్చు. అయితే ఈ ద్వారాన్ని కూడా ఇరుకు చేశారు. ఒకసారి సభ జరిగిన గని తన లీజు హద్దులలోనే ఉత్పత్తిని 50 శాతం వరకు దఫాలుగా పెంచుకోదలిస్తే మళ్ళీ సభ పెట్టనక్కరలేదని 2022 మేలో కేంద్ర పర్యావరణ శాఖ వెసులుబాటు ఇచ్చింది. కనుక మీ ఊరి పక్కన గనికి మొదటి సభ జరిగే రోజు ఎవరైనా వెళ్ళదలిస్తే, ముందుగా కలెక్టరు కార్యాలయంలో ఆ తెలుగు సారాంశాన్ని అడిగి చదివి వెళ్ళండి. బావుల లోతు, ఇళ్ళ సంఖ్య, వాగు పేరు అందులో సరిగా రాశారో లేదో ఊరివారికన్నా బాగా చెప్పగలవారు లేరు.