గాలికుంటు వ్యాధి: వ్యాపించు మార్గములు, అరికట్టు విధానము

గ్రామములో ఒక పశువు చొంగ కార్చుచు కుంటుట మొదలిడిన కొద్ది దినములలోనే మందయంతయు మూలబడుట రైతులు ఎరిగినదే. ఇది గాలితో వచ్చు రోగమనియు, మన చేతిలో ఏమియు లేదనియు కొందరు ఊరకుందురు. గాలి ద్వారా కూడ ఇది సోకునన్న మాట నిజమే. కాని దొడ్డినుండి దొడ్డికి దీనిని మోసుకొనిపోవునవి తరచుగా మన కాళ్లు, చేతులు, పలుపుత్రాళ్లు, ఉమ్మడి నీటితొట్లు. వీనిని అదుపులో ఉంచుట మనవలన అగు పనియే.

ఈ వ్యాధికి కారణము వైరస్ అను అతి సూక్ష్మమైన క్రిమి. బాక్టీరియాలను ఆపివేయు వడపోత గుండా కూడ ఇది దాటిపోవునని 1898లో జర్మనీ శాస్త్రజ్ఞులు లోఫ్లర్, ఫ్రోష్ నిరూపించిరి. ఆవులు, ఎద్దులు, గేదెలు, గొర్రెలు, మేకలు, పందులు దీనికి లోనగును. సోకిన 2 నుండి 14 దినములలో జ్వరము వచ్చి, నోటిలోను, గిట్టల మధ్యను, చన్నులపైను పొక్కులు లేచును. పెద్ద పశువులు చచ్చుట అరుదు. కాని పాలు పడిపోవును, ఎద్దులు దుక్కి అదనున పనికి రావు. లేత దూడలు గుండె దెబ్బతిని హఠాత్తుగా చనిపోవచ్చును.

పొక్కులు కనబడుటకు ముందే పాలలోను, శ్వాసలోను వైరస్ వెలువడుచుండును. అందుచే సంతలో ఆరోగ్యముగా కనబడిన పశువు కూడ రోగమును ఇంటికి తేగలదు. గొర్రెలు, మేకలలో లక్షణములు పైకి అంతగా తెలియవు.

కావున ఈ క్రింది జాగ్రత్తలు పాటింపుడు:

1. కొత్తగా కొన్న పశువును 3 వారములు వేరుగా కట్టివేయుడు.

2. జబ్బు పశువును వెంటనే వేరుచేసి, మేత, నీరు అక్కడనే ఇండు. దానిని ఊరచెరువునకుగాని, బీటికిగాని తోలరాదు.

3. మంచి పశువుల పని ముగించిన పిమ్మటనే జబ్బు పశువు వద్దకు పొండు. తరువాత చేతులు సబ్బుతో కడుగుకొని, బట్టలు మార్చుకొనుడు.

4. లీటరు నీటికి 40 గ్రాముల బట్టలసోడా చొప్పున కలిపి, పేడ, మట్టి తీసివేసిన పిదప ఆ నీటితో నేలను, తొట్లను, చెప్పులను కడుగుడు.

5. జబ్బు తల్లివద్ద దూడను కుడువనీయక, కాచి చల్లార్చిన పాలు పట్టుడు.

అన్నింటికంటె ముఖ్యమైనది టీకా. 2019లో ఆరంభమైన జాతీయ పథకము క్రింద ఇది ఉచితముగా వేయబడుచున్నది. దూడకు 4వ నెలలో మొదటి టీకా, నెల తరువాత రెండవది, ఆపై 6 నెలలకొకసారి వేయించుడు. టీకా బలము పశువునకు పట్టుటకు రెండు, మూడు వారములు పట్టును. కనుక రోగము పొరుగూరికి వచ్చువరకు ఆగరాదు.

జబ్బు పశువును గుట్టుగా సంతకు తోలి అమ్మినవాడు పది ఊళ్లకు రోగమును పంచినవాడగును. 2009 నాటి చట్టము ప్రకారము ఈ వ్యాధిని తెలియజేయుట యజమాని బాధ్యత. మొదటి పశువు చొంగ కార్చిన దినముననే పశువైద్యునికి కబురు చేయుడు.