పాఠము మార్చుకొన్న యంత్రము

టెలిఫోను తీగ మనుష్యుల మాటలను మోయుటకై ఏర్పడినది. సెకనుకు సుమారు 300 మొదలు 3,400 కంపనముల వరకు గల ధ్వనులనే అది చక్కగా కొనిపోగలదు. కంప్యూటరుకు మాటలు తెలియవు. సున్న, ఒకటి అను రెండు అంకెలే తెలియును. ఈ అంకెలకు బిట్లు అని పేరు. దూరప్రాంతములందలి రెండు కంప్యూటర్లు టెలిఫోను తీగపై సంభాషింపవలెనన్నచో నడుమ ఒక దుబాసి కావలెను. ఆ దుబాసియే మోడెము. అది పంపునప్పుడు బిట్లను ధ్వనితరంగములలో ఇమిడ్చును. అందుకొనునప్పుడు తరంగముల నుండి బిట్లను మరల వేరుచేయును. భారతదేశమున 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ సంచార నిగమ్ సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించినప్పుడు, ఇండ్లకు ఆ సేవ చేరినది ఈ దుబాసి మూలముననే.

1960వ దశకమున అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థ వెలువరించిన బెల్ 103 మోడెము సెకనుకు 300 బిట్లను పంపగలిగెడిది. ఆ వేగమున 80 లక్షల బిట్లు గల ఒక చిత్రము చేరవలెనన్న ఏడు గంటలకు మించి పట్టును. క్రమముగా వేగము పెరిగెను. మోడెములు పరస్పరము అర్థము చేసికొనుటకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘము ప్రమాణములను నిర్ణయించుచు వచ్చెను. 1991లో వచ్చిన ప్రమాణము సెకనుకు 14,400 బిట్లను, 1994లో వచ్చిన వి.34 అను ప్రమాణము 28,800 బిట్లను అనుమతించెను.

ఇది సంతోషింపదగిన విషయమే. కాని క్రొత్త ప్రమాణము వచ్చినప్పుడెల్ల పాత మోడెము వెనుకబడిపోయెడిది. పెక్కుమార్లు దానిని ప్రక్కనబెట్టి వేరొకటి కొనవలసివచ్చెడిది. ఇందులకు కారణమేమి?

మోడెము పని చేయవలసిన తీరును తెలుపు ఆదేశములు దాని లోపలి స్మృతి చిప్పులో వ్రాయబడియుండును. వీనినే ఫర్మ్‌వేర్ అందురు. తొలినాళ్ళలో ఈ ఆదేశములు శిలాశాసనముల వంటివి. కర్మాగారమున ఒకసారి చెక్కిన పిమ్మట వానిని దిద్దుటకు వీలులేదు. తరువాత వచ్చిన ఒక విధమగు చిప్పులో వ్రాతను చెరపుటకు వీలు కలిగెను. అయినను ఆ చిప్పును ఊడదీసి, దాని పైనున్న గాజు కిటికీపై అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసి, ప్రత్యేక పరికరముతో తిరిగి వ్రాయవలెను. ఇది సామాన్య గృహస్థునకు సాధ్యమగు పని కాదు.

జపానులోని తోషిబా సంస్థయందు పనిచేసిన ఫుజియో మసువోకా 1984లో ఫ్లాష్ స్మృతిని లోకమునకు వివరించెను. దీనిలోని వ్రాతను విద్యుత్తుచేతనే చెరిపి, విద్యుత్తుచేతనే మరల వ్రాయవచ్చును, చిప్పును కదల్పనక్కరలేదు. శిలాశాసనము పలకగా మారినదన్నమాట. అయితే ఈ పలకపై వ్రాసినది విద్యుత్తు లేనప్పుడును చెరగిపోదు.

మోడెములలో మరియొక మార్పు కూడ వచ్చెను. తరంగములను మలచు పనిని స్థిరమైన వలయములకు మారుగా, వేగముగా గణితము చేయు ఒక ప్రాసెసరుకు అప్పగించిరి. ఆ ప్రాసెసరు ఏ గణితము చేయవలెనో ఫర్మ్‌వేర్ చెప్పును. కావున ఫర్మ్‌వేర్ మారినచో మోడెము పలుకు భాషయే మారును.

ఈ సదుపాయము విలువ 1997లో స్పష్టమయ్యెను. టెలిఫోను కేంద్రము కంఠధ్వనిని సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 8 బిట్లుగా వ్రాయును. అందు 7 బిట్లను నమ్మకముగా వినియోగించుకొన్నను సెకనుకు 56,000 బిట్లు కేంద్రము నుండి ఇంటికి చేరవచ్చునని ఇంజనీర్లు గ్రహించిరి. కాని దీనిని సాధించుటకు రెండు మార్గములు పోటీపడెను. యు.ఎస్. రోబోటిక్స్ సంస్థ ఎక్స్2 అను పద్ధతిని, రాక్‌వెల్, లూసెంట్ సంస్థలు కే56ఫ్లెక్స్ అను పద్ధతిని తెచ్చినవి. ఒకదాని భాష మరియొకదానికి తెలియదు. ఇంటిలో ఒక పద్ధతి మోడెము, ఇంటర్నెట్ సేవ నిచ్చువారి వద్ద రెండవ పద్ధతి ఉన్నచో అధిక ధనము వెచ్చించియు కొన్నవారు పాత వేగముతోనే తృప్తిపడవలసివచ్చెను. ఏది నిలుచునో, ఏది పోవునో తెలియక కొనువారు తికమకపడిరి.

1998 ఫిబ్రవరిలో ఉభయపక్షములకును సమ్మతమైన వి.90 అను ప్రమాణము కుదిరెను. అప్పుడు ఫ్లాష్ స్మృతి గల మోడెముల యజమానులు పెక్కురు క్రొత్త యంత్రమును కొనలేదు. తయారీదారుని కంప్యూటరుకు ఆ మోడెముతోనే ఫోను చేసి, క్రొత్త ఫర్మ్‌వేరును తెచ్చుకొని, దానిని మోడెములోనికి ఎక్కించిరి. తాను నేర్వవలసిన పాఠమును ఆ యంత్రము తానే మోసికొని వచ్చినది.

ఈ పద్ధతికి హద్దులును కలవు. కొన్ని మోడెములలో స్మృతి చాలినంత లేనందున పాత పద్ధతియు క్రొత్త పద్ధతియు రెండును ఇముడలేదు. ఫ్లాష్ స్మృతియే లేని మోడెములకు ఈ లాభము కలుగనేలేదు. అంతకు మించి అపాయమొకటి కలదు. పాత ఆదేశములు చెరిపిన తరువాత, క్రొత్తవి పూర్తిగా వ్రాయకమునుపు విద్యుత్తు పోయినచో, ఏమి చేయవలెనో చెప్పు ఆదేశములు లేక యంత్రము మూగవోవును. అందుచేత జాగ్రత్తగల తయారీదారులు స్మృతిలో ఒక చిన్న భాగమును చెరపరానిదిగా ఉంచిరి. తక్కినదంతయు పాడైనను, ఫర్మ్‌వేరును మరల స్వీకరించుటకు కావలసిన జ్ఞానము ఆ భాగమున మిగిలియుండును.

నేడు వేగవంతమైన సేవలు వచ్చి, ఇండ్లలో అట్టి మోడెములు అరుదైనవి. కాని అవి అలవరచిన పద్ధతి పోలేదు. చేతిలోని ఫోను, గోడపై టెలివిజను, ఇంటిలోని రౌటరు అప్పుడప్పుడు క్రొత్త ఆదేశములను తెచ్చుకొని లోపములను సవరించుకొనుచునే యున్నవి. ఆ సమయమున పరికరమును ఆపివేయరాదని తెరపై కనబడు హెచ్చరిక వట్టి మాట కాదు. పాత పాఠము చెరిగి, క్రొత్త పాఠము ఇంకను పూర్తికాని ఆ కొద్ది క్షణములలో యంత్రమునకు ఆటంకము కలిగింపకుండుటయే దానిని కాపాడు మార్గము.