బ్రూస్ లీ గొంతు – మన యాస

బ్రూస్ లీ ఏ భాష మాట్లాడేవాడు? సూర్యాపేట సినీప్రియుణ్ణి అడగండి, కోదాడ కుర్రాణ్ణి అడగండి, మిర్యాలగూడ కాలేజీ విద్యార్థిని అడగండి... "చైనా భాష" అనేస్తారు ఠక్కున. అక్కడే వుంది తిరకాసు!

చైనా భాష అంటే వొకటి కాదు. బీజింగు పలుకుబడి ఆధారంగా తయారైన మాండరిన్ ప్రభుత్వ భాష. దక్షిణాన గ్వాంగ్‌డాంగ్‌లో, హాంకాంగ్‌లో, మకావ్‌లో జనం నోట ఆడేది కాంటనీస్. మాండరిన్‌లో స్వరాలు నాలుగైతే, కాంటనీస్‌లో ఆరు. స్వరం మారితే అర్థమే మారిపోతుంది. పనిగట్టుకొని నేర్చుకుంటే తప్ప వొకరి మాట మరొకరికి బోధపడదు. అయినా ప్రభుత్వం లెక్కలో కాంటనీస్ వొక యాస మాత్రమే!

హాంకాంగ్‌లో పెరిగిన బ్రూస్ లీది కాంటనీస్. కానీ 1971, 72లలో అక్కడ విడుదలైన ఆయన చిత్రాలు మాండరిన్‌లో, వేరేవాళ్ల గొంతుతో వచ్చాయి. సొంత వూళ్లో సొంత గొంతు లేని హీరో అన్నమాట! పెద్ద స్టూడియోలన్నీ మాండరిన్ వైపే మొగ్గాయి. 1972లో అయితే హాంకాంగ్‌లో కాంటనీస్ చిత్రం వొక్కటీ తయారు కాలేదు.

మరుసటి యేడే కథ అడ్డం తిరిగింది. 1973లో చోర్ యూన్ అనే దర్శకుడు, వొకే పాత లోగిలిలో అద్దెకుండే పేదల కథ 'ది హౌస్ ఆఫ్ 72 టెనెంట్స్'ను కాంటనీస్‌లో తీశాడు. టీవీలో జనానికి పరిచయమైన ముఖాలే అందులో కనిపించాయి. హాళ్లు కిటకిటలాడాయి. హాంకాంగ్ వసూళ్లలో సాక్షాత్తూ బ్రూస్ లీ 'ఎంటర్ ది డ్రాగన్'నే ఆ చిత్రం మించిపోయింది!

ఇక మన సంగతి

సాగర్ ఎడమకాలువ నీళ్లొచ్చాక మిర్యాలగూడ వైపు కోస్తా రైతు కుటుంబాలెన్నో వచ్చి స్థిరపడ్డాయి. కోదాడ దాటితే కృష్ణా తీరపు మాటే. ఇక్కడ ఉల్లిగడ్డా, ఉల్లిపాయా వొకే సంచిలో ఇంటికొస్తాయి. "ఎటు పోతున్నవ్?" అన్నా, "ఎక్కడికెళ్తున్నావ్?" అన్నా అర్థం కానివారు లేరు. కాంటనీస్‌కూ మాండరిన్‌కూ వున్నంత ఎడం మన యాసల మధ్య లేనే లేదు. వెండితెర మీద మాత్రం ఆ ఎడం పెట్టారు!

హీరోకు కృష్ణా, గుంటూరు చదువుకున్నవాళ్ల భాష. తెలంగాణ యాస ఎక్కువగా హాస్యానికో, విలనుకో. 1985లో 'ప్రతిఘటన'లో ఆ యాసతో విలన్‌గా అదరగొట్టిన కోట శ్రీనివాసరావుది కృష్ణా జిల్లా కంకిపాడు. నటన గొప్పదే, కాదనం. కానీ హాల్లో కూర్చున్న సూర్యాపేట పిల్లవాడికి తన ఇంటి మాట విలన్ నోట్లోనే వినిపిస్తే?

అంతకుముందే, 1980లో, బి. నర్సింగరావు నిర్మించిన 'మా భూమి' తెలంగాణ రైతు పోరాటాన్ని ఆ రైతు మాటలోనే చెప్పింది. ఆ దారి మళ్లీ వెడల్పు కావడానికి చాలా యేళ్లు పట్టింది. 2017లో 'ఫిదా' హీరోయిన్ దర్జాగా ఈ యాసలోనే మాట్లాడింది. 2023లో 'బలగం' వచ్చినప్పుడు పల్లెల్లో తెరకట్టి, వూరంతా కలిసి చూశారు, కళ్లు తుడుచుకున్నారు.

అయినా వొక ముచ్చట మిగిలేవుంది. హాంకాంగ్ తెరమీద పోలీసూ, లాయరూ, దొంగా, దయ్యమూ అందరూ కాంటనీసే మాట్లాడతారు. మన తెరమీద యాస అనగానే ఇంకా ఎక్కువగా పల్లెటూరి కథే. ఉద్యోగం కోసం పట్నం వెళ్లి, ఇంటర్వ్యూలో నాలుక సరిచేసుకునే కుర్రకారుకు ఆ బాధ తెలుసు. గుండె ఆపరేషన్ చేసే డాక్టరు హీరో "ఏం భయపడకు బిడ్డా" అని మన యాసలో ధైర్యం చెప్పే చిత్రం ఎవరు తీస్తారో... టిక్కెట్టు కొనడానికి మిర్యాలగూడ సిద్ధం!