నడికట్టుకు లొంగని పొట్ట

ఉగాది సంబరాలలోనో, దీపావళి విందులోనో ఏడాది బిడ్డను చంకనెత్తుకొని వచ్చిన తల్లిని పలకరిస్తూ "మళ్ళీ ఏమైనా విశేషమా?" అని అడిగేవారు మన సమాజంలో తక్కువేమీ కాదు. అడిగినవారికి అది అభిమానం. విన్న తల్లికి మాత్రం అది చాలాకాలం గుచ్చుకొనే ముల్లు. తిండి తగ్గించి, మైళ్ళకొద్దీ నడిచి, బరువు పూర్వస్థితికి వచ్చినా పొట్ట మాత్రం అయిదవ నెల గర్భంలా కనిపిస్తూ ఉంటే ఆ తప్పు ఆమె తిండిదీ కాదు, బద్ధకానిదీ కాదు. ఇటువంటివారిలో తరచుగా కనిపించే కారణం ఉదర కండరాల ఎడబాటు. వైద్యులు దీనిని 'డయాస్టాసిస్ రెక్టై' అంటారు.

రొమ్ము ఎముక దిగువ నుండి కటి ఎముక వరకు, నాభికి ఇరుప్రక్కలా రెండు నిలువు కండరాలు ఉంటాయి. వీటిని నడుమ కలిపే పీచు వంటి పట్టీ పేరు 'లీనియా ఆల్బా'. లాటిన్ భాషలో 'తెల్లని గీత' అని అర్థం. ప్రక్కలనుండి వచ్చే మూడు కండరాల పొరలు కూడా చివరకు ఈ పట్టీతోనే పెనవేసుకొంటాయి. గర్భాశయం పెరిగేకొద్దీ, హార్మోన్ల ప్రభావంతో మెత్తబడిన ఈ పట్టీ అడ్డంగా సాగి పలచబడుతుంది. సాగుతుందే గాని చిరగదు. ఇది సృష్టిసహజమైన ఏర్పాటు. 2015లో పోర్చుగల్‌లో వెలువడిన ఒక పరిశీలనలో తొలిచూలు గర్భిణులందరిలోనూ 35వ వారానికి ఈ ఎడం కనిపించింది. నార్వేలో 300 మంది తొలిచూలు తల్లులను పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ప్రసవమైన ఆరు వారాలకు 60 శాతం మందిలోనూ, ఏడాది గడిచాక కూడా సుమారు 33 శాతం మందిలోనూ ఇది మిగిలే ఉంది. అంటే ముగ్గురిలో ఒకరు!

ఇంటివద్దనే దీనిని గమనించవచ్చు. వెల్లకిల పడుకొని, మోకాళ్ళు మడిచి, వ్రేళ్ళ కొసలను నాభికి కాస్త ఎగువన అడ్డంగా ఆనించి, తలను మాత్రం కొద్దిగా పైకెత్తాలి. రెండు కండరాల అంచులు వ్రేళ్ళకు తగులుతాయి. వాటి నడుమ రెండు వ్రేళ్ళకు మించిన సందు ఉంటే ఎడబాటు ఉన్నదని సాధారణంగా భావిస్తారు. కొంత ఎడం అందరికీ ఉండేదే. 2009లో బిడ్డలను కనని 150 మంది స్త్రీలను పరీక్షించినప్పుడు నాభికి మూడు సెంటీమీటర్ల ఎగువన 22 మిల్లీమీటర్ల వరకు సహజమేనని తేలింది. వెడల్పుకంటె ముఖ్యమైనది బిగువు. వ్రేళ్ళు మెత్తగా లోపలికి దిగిపోతున్నాయా, లేక అడుగున గట్టిగా తగులుతున్నదా అన్నది చూడాలి.

పురుడు పోయడానికి కాయం డబ్బాతో సహా సముద్రాలు దాటి వచ్చే తల్లులు, అత్తగార్లు మొదట చేసే పని మెత్తని పాతచీరతో బాలింతరాలికి నడికట్టు కట్టడం. కట్టకపోతే పొట్టలో గాలి చేరుతుందని వారి నమ్మకం. గాలి మాట నిజం కాకపోయినా ఆ ఆచారాన్ని కొట్టిపారవేయనక్కరలేదు. సిజేరియన్ అయినవారికి నడికట్టు నొప్పిని తగ్గించి, లేచి నడవడానికి ఊతమిస్తుంది. అయితే అది ఊతమే గాని చికిత్స కాదు. సాగిన పట్టీకి బిగువు తెచ్చే శక్తి గుడ్డకు లేదు. మరీ బిగించి కడితే ఒత్తిడి క్రిందికి మళ్ళి, అప్పటికే అలసిన కటి కండరాలపై పడుతుంది. పెద్దల మరొక మాట మాత్రం అక్షరాలా పాటించదగినది: ప్రక్కకు ఒత్తిగిలి, చేతి ఊతతో లేవాలి.

చికిత్స ఊపిరితో మొదలవుతుంది. సహజ ప్రసవమైతే కొద్ది రోజులకే, సిజేరియన్ అయితే వైద్యుల అనుమతితో ఆరంభించవచ్చు. వెల్లకిల పడుకొని మోకాళ్ళు మడిచి నిండుగా గాలి పీల్చాలి. నెమ్మదిగా వదులుతూ, మూత్రాన్ని ఆపుకొన్నట్లుగా కటి కండరాలను పైకి బిగించి, నాభి దిగువ భాగాన్ని వెన్నువైపు సున్నితంగా లాగాలి. ఊపిరి బిగబట్టకుండా అయిదారు సెకన్లు నిలిపి వదలాలి. ఇలా ఒక్కొక్క విడతకు ఎనిమిది పది సార్లు చేస్తే చాలు. పట్టు చిక్కిన తరువాత మడమను నేలపై జార్చుతూ ఒక్కొక్క కాలే చాపడం, ఆపై సేతుబంధాసనం. నౌకాసనం వంటి కఠినమైన ఆసనాలకు తొందర వద్దు. ఏ వ్యాయామంలోనైనా పొట్ట నడుమ పొలం గట్టులా ఉబ్బు పైకి లేస్తే, అది ఇంకా మోయలేని బరువన్నమాట.

పడుకొని తల, భుజాలు పైకెత్తే వ్యాయామాలు ఎడాన్ని పెంచుతాయని చాలాకాలం భయపెట్టారు. 2023లో ప్రకటితమైన నార్వే పరిశోధన ఆ భయాన్ని తగ్గించింది. ప్రసవమై ఆరు నుండి పన్నెండు నెలలైన 70 మందిలో సగం మంది పన్నెండు వారాలు అవే వ్యాయామాలు చేయగా ఎడం పెరగలేదు; కండరాల బలం పెరిగింది. ఎడం తగ్గనూ లేదన్నది కూడా దాచరాని సత్యం. కనుక సందు పూర్తిగా మూసుకొంటుందని హామీ ఇచ్చే ప్రకటనలను నమ్మి డబ్బు పోసుకోవడం అవివేకం. బిడ్డను ఎత్తుకొన్నప్పుడు నడుము నిలవడం, దగ్గినప్పుడు మూత్రం జారకపోవడం, ఇవీ కోరదగిన ఫలితాలు.

ప్రసవానంతర పరీక్షకు వెళ్ళినప్పుడు వైద్యులు అడగకపోయినా పొట్ట సంగతి తల్లే ప్రస్తావించాలి. ఎనిమిది వారాలు దాటినా ఎడం స్పష్టంగా ఉంటే కటి కండరాల చికిత్సలో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు వద్దకు పంపమని కోరవచ్చు. నాభివద్ద బుడిపెలా ఉబ్బి నొప్పి పుడితే అది హెర్నియా కావచ్చు, జాప్యం చేయరాదు. కండరాలను దగ్గరికి చేర్చి కుట్టే శస్త్రచికిత్స కూడా ఉన్నది. ఇక పిల్లలు వద్దనుకొన్న తరువాతనే దాని ఆలోచన మంచిది, ఎందుకంటే మరో గర్భం ఆ కుట్టును తిరిగి సాగదీయవచ్చు. అమెరికాలో పెక్కు బీమా సంస్థలు దీనిని సౌందర్య చికిత్సగా లెక్కగట్టి ఖర్చు భరించవు గనుక, తేదీ నిశ్చయించుకొనే ముందే లిఖితపూర్వకంగా విచారించుకోవాలి.