తండా పంచాయతీలు – పౌరసేవలు: ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నేపథ్యంలో ఒక పరిశీలన

గ్రామ పంచాయతీ అనేది ఒకే ఊరు కాదు. చాలాచోట్ల అది పెద్ద ఊరు, దాని చుట్టూ ఉన్న ఆవాసాల సముదాయం. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతాలలో, ముఖ్యంగా దేవరకొండ పరిసరాలలో, ఈ ఆవాసాలలో అనేకం లంబాడీ తండాలు. 2018కి పూర్వం వీటిలో చాలావాటికి దక్కిన ప్రాతినిధ్యం వార్డు సభ్యత్వం వరకే. సర్పంచ్ పదవి రిజర్వేషన్ వంతు వస్తే తప్ప తండాకు అందేది కాదు. ఈ తండాలలో అధికభాగం ఐదవ షెడ్యూలు ప్రాంతానికి వెలుపల ఉండటం వల్ల పెసా చట్టపు రక్షణ కూడా వీటికి లేదు.

ప్రాతినిధ్యపు చిరునామా సేవలను ఎలా నిర్ణయిస్తుందో దక్షిణాది రాష్ట్రాల గ్రామాలపై బెస్లీ, పాండే, రెహమాన్, రావులు 2004లో ప్రచురించిన అధ్యయనం చూపింది. రోడ్లు, తాగునీరు వంటి ఉమ్మడి వసతులు పంచాయతీ అధ్యక్షుడు నివసించే గ్రామానికే ఎక్కువగా చేరుతున్నాయని అది తేల్చింది. అంటే రిజర్వేషన్ ద్వారా ఏ కులం వారు ఎన్నికయ్యారన్నది ఎంత ముఖ్యమో, వారు ఏ ఆవాసంలో ఉంటారన్నదీ అంతే ముఖ్యం. మన పరిశోధనలలో మొదటి ప్రశ్నకు దక్కినంత చోటు రెండవదానికి దక్కలేదు.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 అయిదు వందలు, ఆపై జనాభా గల తండాలు, గూడేలు ప్రత్యేక పంచాయతీలయ్యే మార్గం వేసింది. 2019 జనవరిలో వాటికి తొలి ఎన్నికలు జరిగాయి. పూర్తిగా గిరిజనులే ఉన్న పంచాయతీలలో పదవులన్నీ గిరిజనులకే కేటాయించారు.

అయితే మారినది ఏమిటి? వీధి దీపాలు, పారిశుద్ధ్యం, అంతర్గత నీటి సరఫరా నిర్వహణ, ఇంటి అనుమతులు పంచాయతీ పరిధిలోనివి; వీటికోసం పెద్ద ఊరి కార్యాలయానికి వెళ్ళవలసిన అవసరం తప్పింది. మిషన్ భగీరథ నీరు తండా ట్యాంకు వరకు వచ్చినా, అక్కడినుండి ఏ వీధికి ఎప్పుడు వదలాలన్నది స్థానిక నిర్ణయమే. ఫ్లోరైడ్ పీడిత నల్లగొండలో ఇది చిన్న విషయం కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఉపాధ్యాయ నియామకం, చౌకధరల దుకాణం మాత్రం సర్పంచ్ చేతిలో లేవు. వాటి విషయంలో కొత్త పంచాయతీ ఒక అర్జీదారు మాత్రమే, కాకపోతే ముద్ర ఉన్న అర్జీదారు.

నిధుల సమస్య మరింత జటిలం. ఆర్థిక సంఘం గ్రాంట్ల పంపిణీలో జనాభాదే ప్రధాన పాత్ర కనుక చిన్న తండాకు వచ్చేది స్వల్పం. పన్నుల రాబడి అంతకన్నా స్వల్పం. పైగా ఎన్నికైన పాలకవర్గం ఉండాలన్నది 15వ ఆర్థిక సంఘం షరతు. 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చినప్పుడు, సొంత రాబడి లేని తండా పంచాయతీలకు ఈ షరతు పెద్ద ఊళ్ళకంటే బరువైనది.