పాత పాంటూన్ పడవ: కొనే ముందు, లాగే ముందు తెలియాల్సిన విజ్ఞానం

దక్షిణ అండమాన్‌లోని గరాచర్మ, శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్) పక్కనే ఉన్న చిన్న పట్టణం. ద్వీపాల వ్యవసాయంపై పరిశోధనలు చేసే కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్కడే ఉంది. ఇక్కడి నుంచి ఏ దిక్కుకు వెళ్లినా కొద్ది దూరంలోనే ఉప్పుటేరో, మడ అడవో, సముద్రమో ఎదురవుతుంది. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలకు పడవ కొత్త కాదు. అయితే వేట పడవ తెలిసినవారికి కూడా పాంటూన్ పడవ కొంత కొత్తదే. దాని ఆకారం వేరు, అది తేలే తీరు వేరు, పాడయ్యే తీరూ వేరు.

కొత్తది ఖరీదు కాబట్టి మొదటిసారి కొనేవారు పాతదాని వైపే చూస్తారు. రంగు వేసి, సీట్లు మార్చిన పాత పడవ పైకి కొత్తదానిలాగే కనిపిస్తుంది. అసలు సమస్యలు ఉండేది నీటి కిందా, లోహం లోపలా, ట్రైలర్ చక్రాల్లో. వాటిని పట్టుకోవడానికి హైస్కూల్ భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం దాదాపుగా సరిపోతాయి.

రెండు గొట్టాల మీద ఒక వేదిక

నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ గోదావరిని దాటించే పంటును చూసినవారికి ఈ సూత్రం సులభంగా అర్థమవుతుంది. గాలి నిండిన, మూసి ఉన్న తేలుడు భాగాల మీద చదునైన వేదిక ఉంటుంది. పాంటూన్ పడవలో ఆ తేలుడు భాగాలు సాధారణంగా రెండు అల్యూమినియం గొట్టాలు. వాటి మీద అడ్డదూలాలు, వాటిపై ప్లైవుడ్ తళం, సీట్లు, వెనుక ఇంజిన్ ఉంటాయి.

ఒక్కో గొట్టం వ్యాసం 60 సెంటీమీటర్లు, పొడవు 6 మీటర్లు అనుకుందాం. ఒక గొట్టం ఘనపరిమాణం సుమారు 1.7 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు సముద్రపు నీరు 1,025 కిలోలు తూగుతుంది. అంటే పూర్తిగా మునిగినప్పుడు ఒక్కో గొట్టం దాదాపు 1,740 కిలోలను మోయగలదు. రెండూ కలిస్తే 3,480 కిలోలు. ఇది ఆర్కిమెడిస్ సూత్రం చెప్పే గరిష్ఠ పరిమితి. ఇంత బరువు ఎక్కించవచ్చని దీని అర్థం కాదు.

గొట్టం గుండ్రంగా ఉండటమే ఇందుకు కారణం. సగం మునిగినప్పుడు నీటి మట్టం దగ్గర గొట్టం వెడల్పు అత్యధికంగా, 60 సెంటీమీటర్లు ఉంటుంది. అప్పుడు పడవ మరో సెంటీమీటరు దిగాలంటే సుమారు 74 కిలోలు కావాలి. ముప్పావు వంతు లోతు మునిగాక నీటి మట్టం దగ్గర వెడల్పు 52 సెంటీమీటర్లకు తగ్గుతుంది. అక్కడ 64 కిలోలకే మరో సెంటీమీటరు దిగుతుంది. సగం దాటాక ఎక్కించే ప్రతి కిలో ముందటి కిలో కంటే ఎక్కువ ముంచుతుందన్నమాట. అందుకే నిండు బరువుతో కూడా గొట్టాలు సగానికి అటూ ఇటూగానే మునిగేలా చూసుకోవడం మంచిది. తయారీదారు పడవకు బిగించిన సామర్థ్య ఫలకం మీది సంఖ్యే తుది మాట. ఆ ఫలకం ఊడిపోయిన పడవ విషయంలో బేరం కంటే ముందు అనుమానం రావాలి.

అందరూ ఒకే వైపు జరిగితే

గొట్టాలు దూరదూరంగా ఉండటం వల్ల పాంటూన్ పడవ మామూలు పడవ కంటే తక్కువ ఊగుతుంది. ఈ స్థిరత్వమే కొన్నిసార్లు మోసం చేస్తుంది. ఇంజిన్‌తో కలిపి 900 కిలోల పడవలో 70 కిలోల చొప్పున 8 మంది ఉన్నారనుకుందాం. మొత్తం 1,460 కిలోలు. అందరూ సమంగా కూర్చుంటే ఒక్కో గొట్టం మీద 730 కిలోలు, అంటే దాని శక్తిలో 42 శాతం పడుతుంది.

డాల్ఫిన్ కనిపించిందని 8 మందీ మధ్యగీతకు మీటరు దూరంలో ఉన్న ఒక రెయిలింగ్ దగ్గరకు చేరితే లెక్క మారుతుంది. గొట్టాలు మధ్యగీతకు 90 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ వైపు గొట్టం మీద భారం సుమారు 1,040 కిలోలకు, అంటే 60 శాతానికి చేరుతుంది. ఇప్పటికీ ప్రమాదం లేదు. కానీ ఎవరూ గమనించని పగులు గుండా ఆ గొట్టంలోకి ముందే 300 లీటర్ల నీరు చేరి ఉంటే భారం 1,350 కిలోలకు, అంటే 78 శాతానికి పోతుంది. చిన్న అల తగిలినా మిగిలిన కొద్ది ఎత్తు సరిపోకపోవచ్చు.

ఇది కాగితం మీది భయం కాదు. 2009 సెప్టెంబరు 30న కేరళలోని తేక్కడి సరస్సులో పర్యాటక పడవ ఒరిగి 45 మంది చనిపోయారు. ఒడ్డున జంతువులను చూడటానికి ప్రయాణికులు ఒకే వైపు చేరడం ఆ విషాదంలో ఒక కారణంగా చెప్పారు. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గరే పరిమితికి మించి జనాన్ని ఎక్కించిన పర్యాటక పడవ మునిగి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ రెండూ పాంటూన్ పడవలు కావు. అయినా బరువు ఎంత, అది ఎటువైపు ఉంది అన్న ప్రశ్నలు ఏ పడవకైనా ఒకటే.

దాగిన నీటిని పట్టుకోవడం

చాలా పాంటూన్ గొట్టాల లోపల అడ్డుగోడలు ఉంటాయి. ఒక గదికి చిల్లు పడినా మిగతావి తేల్చి ఉంచాలన్నది ఉద్దేశం. పాత పడవను చూసేటప్పుడు మొదటి పని దాన్ని నిశ్చలమైన నీటిలో ఖాళీగా తేల్చి దూరం నుంచి గమనించడం. ఒక వైపు గాని, ఒక మూల గాని ఎక్కువ దిగి ఉంటే లోపల నీరు ఉందని అనుమానించాలి. తర్వాత ఒడ్డుకు తెచ్చి గొట్టాన్ని చేత్తో తట్టుతూ పోతే నీరున్న చోట శబ్దం మందంగా మారుతుంది.

పగులును కచ్చితంగా కనుక్కోవడానికి గదిలోకి కొద్దిగా గాలి నింపి, అతుకుల మీద సబ్బు నీరు రాస్తారు. బుడగ వచ్చిన చోటే చిల్లు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ పరీక్షకు 0.14 బార్ వంటి అతి తక్కువ పీడనం చాలు. అంత కొద్ది పీడనమే 60 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టం చివరి మూత మీద సుమారు 400 కిలోల బరువుకు సమానమైన బలాన్ని కలిగిస్తుంది. కారు టైరులో లాగా 2 బార్ పీడనం పెడితే ఆ బలం దాదాపు 5.7 టన్నులు. మూత ఊడి ఎగిరిపడితే ఎదురుగా ఉన్న మనిషి ప్రాణానికే ముప్పు. టైర్ల దుకాణంలోని కంప్రెసర్‌తో ఈ పని ఎన్నడూ చేయకూడదు. పీడన మాపకం ఉన్న చేతి పంపు వాడటం, గొట్టం చివరలకు ఎదురుగా నిలబడకపోవడం మేలు.

ఉప్పు నీరు, అల్యూమినియం

అల్యూమినియం మీద సహజంగానే కొన్ని నానోమీటర్ల మందం గల ఆక్సైడ్ పొర ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. సముద్రపు నీటిలోని క్లోరైడ్ అయాన్లు ఆ పొరను అక్కడక్కడా ఛేదిస్తాయి. తుప్పు పట్టిన ఇనుములాగా పైనంతా చెడిపోకుండా, సూది గుచ్చినట్టు లోతైన గుంటలు పడతాయి. గొట్టం గోడ మందం సాధారణంగా రెండు, రెండున్నర మిల్లీమీటర్లే కాబట్టి చిన్న గుంటనూ తేలికగా తీసుకోకూడదు. తెల్లటి పొడి పేరుకున్న చోటును తుడిచి, గోటితో తడిమి చూడాలి.

రెండో శత్రువు గాల్వానిక్ క్షయం. రెండు వేర్వేరు లోహాలు తగులుతూ ఉప్పు నీటిలో ఉంటే అవి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. వాటిలో చురుకైనది కరిగిపోతుంది. రాగి, స్టీలు పక్కన ఉన్నప్పుడు కరిగేది అల్యూమినియమే. అందుకే రాగి కలిసిన నాచు నిరోధక రంగును అల్యూమినియం గొట్టాలకు నేరుగా పూయకూడదు. స్టీలు బోల్టుల చుట్టూ తినేసిన గుర్తులు ఉన్నాయేమో చూడాలి.

దీనికి విరుగుడుగా త్యాగ యానోడ్ అనే లోహపు ముక్కను బిగిస్తారు. అది తాను కరిగిపోయి పడవను కాపాడుతుంది. సముద్రంలో జింకు లేదా అల్యూమినియం మిశ్రలోహపు యానోడ్‌లు, మంచినీటిలో మెగ్నీషియం యానోడ్‌లు వాడతారు. సరస్సులో తిరిగిన పడవను ద్వీపానికి తెస్తే మెగ్నీషియం యానోడ్ ఉప్పు నీటిలో చాలా త్వరగా హరించుకుపోతుంది. దాన్ని మార్చకపోతే తర్వాతి వంతు గొట్టానిది. కాబట్టి అమ్మేవారిని అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ పడవ ఇన్నాళ్లూ ఏ నీటిలో తిరిగింది?

తళం మీద నడుస్తూ మెత్తగా దిగే చోట్లు వెతకాలి. ఏడాదికి సుమారు మూడు మీటర్ల వాన కురిసే అండమాన్‌లో ప్లైవుడ్ కుళ్లడం మామూలే. ఇంజిన్ గేర్ల నూనె పాల రంగులో ఉంటే అందులోకి నీరు చేరినట్టు. సముద్రంలో తిరిగిన ప్రతిసారీ ఇంజిన్‌ను మంచినీటితో కడిగారా అన్నది దాని ఆయుష్షును నిర్ణయిస్తుంది.

రోడ్డు మీద పడవ

పడవ 900 కిలోలు, ట్రైలర్ 400 కిలోలు అయితే వాహనం లాగాల్సింది 1,300 కిలోలు. లాగే వాహనం ఎంత బరువుకు పనికొస్తుందో దాని పుస్తకంలో చూడాలి. చాలా కార్లు ఈ పనికి తయారైనవి కావు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్‌కూ రిజిస్ట్రేషన్ అవసరం. పడవతో పాటు ఆ కాగితాలు కూడా చేతికి వస్తేనే కొనుగోలు పూర్తయినట్టు.

లాగేటప్పుడు అతి ముఖ్యమైన సంఖ్య కొక్కెం మీద పడే భారం. అది మొత్తంలో 10 నుంచి 15 శాతం, అంటే ఇక్కడ 130 నుంచి 195 కిలోలు ఉండాలి. గురుత్వ కేంద్రం ఇరుసుకు కొంచెం ముందు ఉంటే ట్రైలర్ పక్కకు కదిలినా తిరిగి దారిలోకి వస్తుంది. ఇరుసుకు వెనుక ఉంటే ప్రతి చిన్న ఊపూ పెరుగుతూ పోయి చివరికి వాహనాన్నే తిప్పేస్తుంది. పాంటూన్ పడవలో ఇంజిన్ వెనుకే ఉంటుంది కాబట్టి ఈ ప్రమాదం ఎక్కువ. ధాన్యం తూచే కాటా మీద ట్రైలర్ ముక్కును ఆనించి ఈ భారాన్ని కొలవవచ్చు. తక్కువగా ఉంటే పడవను ట్రైలర్ మీద కాస్త ముందుకు జరపాలి.

వేగం సంగతీ అంతే. గతిజ శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఈ ట్రైలర్‌కు 80 కిలోజౌళ్ల శక్తి ఉంటే, 60 కిలోమీటర్ల దగ్గర అది 180 కిలోజౌళ్లు. బ్రేకులు ఆపాల్సింది ఆ శక్తినే. ఎత్తుపల్లాలు, మలుపులు, తడి రోడ్లు ఉన్న ద్వీపంలో నెమ్మదిగా వెళ్లడమే క్షేమం. కొక్కెం ఊడినా ట్రైలర్ విడిపోకుండా రెండు గొలుసులను కింద అడ్డంగా, కత్తెరలా బిగించాలి.

దూరం లాగి వచ్చిన చక్రాల బేరింగులు వేడిగా ఉంటాయి. వెంటనే నీటిలోకి దించితే లోపలి గాలి చల్లబడి సంకోచిస్తుంది, పాత సీళ్ల గుండా ఉప్పు నీటిని పీల్చుకుంటుంది. కొద్ది వారాల్లో బేరింగ్ తుప్పు పడుతుంది. రేవు దగ్గర కాసేపు ఆగి, చక్రాలు చల్లబడ్డాక దించితే ఈ నష్టం తప్పుతుంది. తర్వాత మంచినీటితో కడగాలి.

మారిన తీరం, మారే నీరు

2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల నేల సుమారు ఒక మీటరు కుంగింది. గరాచర్మకు దగ్గరలోని సిప్పీఘాట్‌లో అప్పటిదాకా పంటలు పండిన పల్లపు భూములు ఉప్పు నీటిలో మునిగాయి. తక్కువ లోతులో తిరిగే పాంటూన్ పడవకు అలాంటి నీరు అనువుగా కనిపిస్తుంది. కానీ అడుగున ఎండిన చెట్ల మొదళ్లు, పాత గట్లు ఉండవచ్చు. పోటు మీద అవి కనిపించవు, పాటు దిగేసరికి గొట్టాన్ని చీల్చగలవు. ఇక్కడ రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు వస్తాయి. అమావాస్య, పున్నమి రోజుల్లో నీటి మట్టం తేడా సుమారు రెండు మీటర్ల దాకా ఉంటుంది. పోటులో దించిన పడవను పాటులో పైకి తీయాలంటే నాచు పట్టిన జారుడు వాలు మీద ట్రైలర్‌ను దింపాల్సి వస్తుంది. పోటు వేళల పట్టిక చూసుకోకుండా బయలుదేరకూడదు. దక్షిణ అండమాన్ ఉప్పుటేర్లలో మొసళ్లు ఉన్నాయి కాబట్టి ట్రైలర్ పక్కన నడుము లోతు నీటిలో నిలబడే అలవాటూ మంచిది కాదు.

పాంటూన్ పడవ నిశ్చల జలాల కోసం పుట్టింది. నిటారైన అల ఎదురైతే దాని చదునైన ముందు భాగం అల కిందికి దూరి, తళం మీదికి నీరు ఎక్కుతుంది. హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) 2020 నుంచి 7 మీటర్ల లోపు వెడల్పు గల చిన్న పడవల కోసం ప్రత్యేక హెచ్చరికలు ఇస్తోంది. అల ఎత్తుతో పాటు దాని నిటారుతనం, అలలు వచ్చే దిశల్లో తేడా, గాలికి అలలు ఎంత త్వరగా లేస్తున్నాయి అన్నవాటిని కలిపి పడవ భద్రతా సూచికను లెక్కిస్తుంది. బయలుదేరే ముందు దాన్ని చూడటానికి పట్టేది రెండు నిమిషాలే.

పడవను నమోదు చేయించడం, తనిఖీ, బీమా, ఏ నీటిలో ఎంతమందితో తిరగవచ్చన్న అనుమతి గురించి స్థానిక నౌకాశ్రయ అధికారుల వద్ద డబ్బు చెల్లించే ముందే తెలుసుకోవాలి. ప్రధాన భూభాగం నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటించి తెచ్చాక లోపం బయటపడితే వెనక్కి పంపడం పడవ ధరంత భారం కావచ్చు. తేల్చి చూడటం, తట్టి చూడటం, సబ్బు నీరు రాయడం, కొక్కెం భారం తూచడం: ఈ నాలుగు పరీక్షలకూ కలిపి ఒక రోజు చాలు. అందుకు ఒప్పుకోని అమ్మకందారుడి దగ్గర ఎంత చవకైనా కొనకపోవడమే లాభం.